దూరపు తీగయు, బొమ్మ చేయియు
(సంఘ సాయంకాల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు ఏ ప్రబంధమును గూర్చియో, శాసనమును గూర్చియో మాటలాడుదునని మీరు తలచియుందురు. నేను చరిత్ర చదివి పట్టము పుచ్చుకొన్నవాడను. పగలెల్ల ఫైళ్ళతో ప్రొద్దుపుచ్చువాడను. విద్యుచ్ఛాస్త్రము నా విద్య కాదు. అయినను నేడొక చిన్న మోటారును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిని. అందులకు కారణము గత సంవత్సరపు మన దసరా బొమ్మల కొలువు.

ఆ కొలువులో పైమెట్టున నున్న ఆంజనేయస్వామి గదను పైకెత్తవలెను. ఆ భుజములో సర్వో మోటారు నొకదానిని అమర్చితిమి. దానిని నడపు కంట్రోలరు హాలు వెనుక, దీపములు చూచువారి బల్లపై నుండెను. నడుమ 12 మీటర్ల తీగ. ఇంటిలో మూరెడు తీగతో చక్కగా లేచిన చేయి, పిల్లలందరు ఎదుట కూర్చున్నవేళ వణకసాగెను. సగము లేచి క్రుంగెను. పిల్లలు గొల్లున నవ్విరి. ప్రోగ్రాము వ్రాసినవాడు మా అబ్బాయి. అప్పుడు పదవ తరగతి. పదిమంది యెదుట వానిని, “అంతయు నీ నిర్లక్ష్యమే” అని కసరితిని. వాడు తలవంచుకొని నిలబడెను.

ఇక నా పాండిత్యము వినుడు. బల్లయొద్ద మల్టీమీటరు పెట్టి చూచితిని. 5 వోల్టులు సరిగా నున్నవి. కావున విద్యుత్తులో లోపము లేదని తేల్చితిని. అయినను మరునాడు, బలము చాలదేమో యని దానిని 7.5 వోల్టులకు పెంచితిని. కొంతసేపటికి కమురు వాసన వచ్చినది. మోటారు మాడిపోయినది. అప్పుడు మా అబ్బాయి మెల్లగా అన్నాడు: “నాన్నగారూ, కొత్త మోటారు పెట్టి, బల్ల దగ్గర కాదండీ, బొమ్మ దగ్గర కొలవండి. అదీ చెయ్యి ఎత్తుతున్నప్పుడు.” అట్లే చేసితిని. బల్లయొద్ద 5 వోల్టులు, బొమ్మయొద్ద 3.3 మాత్రమే!

ఈ మోటారుకు మూడు తీగలుండును. ఒకటి విద్యుత్తును తెచ్చును. రెండవది గ్రౌండు, అనగా దానిని తిరిగి కొనిపోవు తీగ. మూడవది ఆజ్ఞను తెచ్చునది. సెకనుకు సుమారు 50 మారులు కంట్రోలరు ఒక్కొక్క పల్సును పంపును. ఆ పల్సు ఒక మిల్లీసెకను నిలిచిన చేయి ఒక కొసకు, రెండు నిలిచిన మరియొక కొసకు, ఒకటిన్నర నిలిచిన నడిమికి వచ్చును. ఆజ్ఞకు శక్తి మిక్కిలి కొంచెము చాలును. పనికి మాత్రము చాల కావలెను. ఈ భేదమును గ్రహింపకపోవుటయే మా తప్పు.

ఇక లెక్క చూడుడు. జార్జి ఓము 1827లో ప్రకటించిన సూత్రమే దీనికి చాలును. మేము వాడినది కాలు చదరపు మిల్లీమీటరు మందముగల రాగి తీగ. అది మీటరుకు సుమారు 0.07 ఓములు అడ్డగించును. పోను 12, రాను 12, మొత్తము 24 మీటర్లు, అనగా 1.7 ఓములు. బరువు నెత్తునప్పుడు మోటారు ఒక ఆంపియరు లాగినచో 1.7 వోల్టులు త్రోవలోనే ఖర్చగును. విశ్రాంతిలో నున్నప్పుడు లాగునది స్వల్పము, ఖర్చును స్వల్పమే. అందుచేతనే 7.5 వోల్టులు ఇంచుమించు పూర్తిగా చేరి, 6 వోల్టులకు మించి తాళలేని మోటారును కాల్చినవి.

ఇంకొక చిక్కు కలదు. ఆ నష్టములో సగము తిరుగు తీగలో జరుగును. అప్పుడు బొమ్మయొద్ద గ్రౌండు సుమారు 0.85 వోల్టు పైకి లేచును, కంట్రోలరు 3.3 వోల్టుల పల్సు పంపినను, మోటారుకు కనబడునది రెండున్నరకు లోపే. దానికి తోడు, మా తీగ రంగస్థల దీపముల డిమ్మరు తీగలతో కలిసి పోయినది. వాని అలజడియు ఆజ్ఞలో చేరెను. చేయి వణకక యేమి చేయును?

చికిత్స సులభము. మోటారు ప్రక్కనే దానికి తగిన 5 వోల్టుల అడాప్టరు నుంచితిమి. హఠాత్తుగా లాగినప్పుడు ఆదుకొనుటకై, 1000 మైక్రోఫారడుల కెపాసిటరును మోటారు తీగలమధ్య, ధన ఋణములు తప్పకుండ, కలిపితిమి. బల్లనుండి రెండు తీగలే వచ్చినవి: ఆజ్ఞ తీగ, దానితో పేనిన గ్రౌండు తీగ. ఇట్లు జంటగా పేనుట అలెగ్జాండరు గ్రాహంబెల్ 1881లో టెలిఫోనుకై కనిపెట్టిన ఉపాయము. రెండు విద్యుత్సాధనముల గ్రౌండులను కలుపవలెను; ధన తీగలను కలుపరాదు. డిమ్మరు తీగలకు దూరముగా నడిపితిమి. 3.3 వోల్టుల పల్సును 5 వోల్టులకు పెంచు చిన్న చిప్పును బల్లయొద్ద నుంచితిమి. అటుపిమ్మట చేయి వణకలేదు.

దూరము వందల మీటర్లయినచో ఇది చాలదు. ఆర్‌ఎస్-485 అను పద్ధతిలో రెండు తీగల వోల్టుల భేదమే సందేశము. రెంటను సమానముగా చేరిన అలజడి కొట్టివేయబడును. మందగతిని 1200 మీటర్లవరకు పంపవచ్చును. లేదా కంట్రోలరునే బొమ్మయొద్ద నుంచి, ఇక్కడనుండి “చేయి ఎత్తుము” అను మాటను మాత్రమే పంపుట మేలు. తోలుబొమ్మలాటవారు తెరవెనుక బొమ్మ చెంతనే నిలుచుట మనము ఎరుగనిది కాదు గదా!

చరిత్ర విద్యార్థిని గనుక ఒక్క ముక్క. 1858లో అట్లాంటికు సముద్రము క్రింద వేసిన తంతితీగలో సందేశములు మందగింపగా, వోల్టులు మిక్కిలి పెంచి పంపిరి. కొద్ది వారములలోనే తీగ చెడినది. విలియం థామ్సను మాత్రము అత్యల్ప విద్యుత్తును గూడ పసిగట్టు సున్నితమైన పరికరమును నమ్మెను. 1866లో శాశ్వత సంబంధము ఏర్పడినది. నా 7.5 వోల్టుల తెలివికి పూర్వులు లేకపోలేదని నాకు కొంత ఊరట.

అయ్యలారా, రాజధానిలో కూర్చుండి దూరమునకు ఆజ్ఞలు పంపుట మనలో పెక్కురి వృత్తి. మన బల్లపై అంకెలు సరిగానే యుండును. అవతలి కొసను, అదియు పని జరుగుచున్నవేళ, కొలిచి చూచినగాని నిజము తెలియదు. కొలువకమునుపే నేనొక బాలుని దోషిగా నిర్ణయించితిని. వాడు వ్రాసిన ప్రోగ్రాములో నేటికిని ఒక్క అక్షరము మార్చవలసిన పని కలుగలేదు. నాడు పదిమందిలో కసరితిని గనుక, నేడు పదిమందిలోనే ఆ మాట చెప్పుట న్యాయమని యీ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. వాడు ఆ వెనుక వరుసలో కూర్చున్నాడు. ఈ యేటి కొలువులో గద యెత్తించు భారము మరల వానిదే. తీగలు పేనుట నాది.