రైలు వదిలిన దారిలో సైకిలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

నాది 1986 పదో తరగతి, బి సెక్షను. మెకానికల్ ఇంజినీరును. మైకు ముందు నిలబడే అలవాటు లేనివాణ్ణి. ‘ఇంగ్లండులో మూడేళ్ళు ఉండొచ్చావు కదా, ఏదైనా చెప్పు’ అన్నారు కార్యదర్శి గారు. నాకు తెలిసిందల్లా సైకిలు సంగతి. అదే చెప్తాను.

బస్టాండు పక్కన అద్దె సైకిళ్ళ అంగడి గుర్తుందా? గంటకు అర్ధరూపాయి. బెల్లున్న దానికి బ్రేకులుండవు, బ్రేకులున్న దానికి సీటు చినిగి ఉంటుంది. పదో తరగతి పరీక్షలైన మర్నాడు నలుగురం నాలుగు సైకిళ్ళు తీసుకుని నల్లమల ఎక్కుదామని బయల్దేరాం. దిగువమెట్ట దాటేదాకా మేం వీరులం. ఘాట్ రోడ్డు మలుపులు మొదలవగానే దిగి తోయడం మొదలుపెట్టాం. లారీ వచ్చిన ప్రతిసారీ సైకిలుతో సహా ముళ్ళకంపల్లోకి ఒరిగిపోవడమే. ఒకచోట ఆగి రొప్పుతుంటే, చెట్ల వెనక నుంచి మీటరుగేజి బండి కూత వినిపించింది. మాలో ఒకడు అడిగాడు: ‘మన సైకిలే ఎక్కలేని కొండను అంత బండి ఎట్లా ఎక్కుతుందిరా?’ ఎవరికీ తెలియలేదు. నీళ్ళు అయిపోయాయి, వెనక్కి తిరిగాం. అద్దె మాత్రం ఆరు గంటలకు కట్టాం.

అడిగినవాడు ఇప్పుడు లేడు. ఇక్కడే ఉండిపోయి మోటార్ల రిపేరు చేసుకునేవాడు. 1999లో ఒక సాయంత్రం పల్లెలో పని ముగించుకుని సైకిలు మీద మెయిన్ రోడ్డున ఇంటికి వస్తుంటే వెనక నుంచి లారీ కొట్టింది. పేరు చెప్పను, మీలో సగం మందికి తెలుసు. వాడి తమ్ముడు ఈ హాల్లోనే ఉన్నాడు. ‘ఈ మాట సభలో చెప్పవచ్చునా’ అని నిన్న రాత్రి వాళ్ళింటికి పోయి అడిగాను. ‘చెప్పన్నా’ అన్నాడు.

ఆ తర్వాత పదమూడేళ్ళు నేను సైకిలు ముట్టలేదు.

2012లో ఉద్యోగం మీద ఇంగ్లండులోని డెర్బీకి పోయాను. షుగరు గీత మీద ఉందని డాక్టరు హెచ్చరించాక, మనసుకు ఇష్టం లేకున్నా సెకండ్ హ్యాండులో ఒక ఉక్కు సైకిలు కొన్నాను. ఆ ఊరికి ఉత్తరాన పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండ ప్రాంతం ఉంది. మరీ ఎత్తయిన కొండలేం కాదు. రాతిగోడలు, గొర్రెలు, లోతైన లోయలు. ఒక ఆదివారం సైకిలును రైల్లో వేసుకుని మాట్‌లాక్‌లో దిగి, అక్కణ్ణుంచి బేక్‌వెల్ వైపు మెయిన్ రోడ్డున పోయాను. రెండు మైళ్ళు పోలేదు. వెనక వచ్చే ప్రతి బండి చప్పుడూ నాకు 1999 నాటి లారీయే. దిగి, రోడ్డు వార నడవడం మొదలుపెట్టాను. గోడ పేర్చుకుంటున్న ఒక ముసలాయన నన్ను చూసి, ‘రోడ్డు మీద ఎందుకు? రైలు దారిన పో’ అన్నాడు. రైలెక్కమంటున్నాడేమో అనుకున్నాను. రైలు పోయి నలభై ఏళ్ళు దాటిందట, దాని దారి మాత్రం ఉందట.

ఆ దారి పేరు మాన్‌సల్ ట్రయిల్. లండనుకు, మాంచెస్టరుకు మధ్య 1860లలో మిడ్‌లాండ్ రైల్వే ఈ కొండల్లో వేసిన లైను 1968లో మూతపడింది. పట్టాలు పీకేసి 1981లో నడిచేవాళ్ళకు తెరిచారు. కానీ సొరంగాలు మూసే ఉంచారు. సొరంగం వచ్చినచోటల్లా మనిషి కొండెక్కి దిగాలి. 2011లో ఆ సొరంగాలకు మరమ్మతులు చేసి, దీపాలు పెట్టి, సైకిళ్ళను కూడా రానిచ్చారు. మొత్తం ఎనిమిదిన్నర మైళ్ళు, అంటే 14 కిలోమీటర్లకు కాస్త తక్కువ. కారు లేదు, మోటారు సైకిలు లేదు. మొదటిసారి ఆ దారిలో పోతుంటే నా సైకిలు చెయిను చప్పుడు నాకే వినిపించింది. అరగంట దాకా నేను వెనక్కి తిరిగి చూడలేదన్న సంగతి హెడ్‌స్టోన్ సొరంగంలో గానీ నాకు తట్టలేదు. సొరంగంలో ఎండాకాలమైనా చలే, పైనుంచి చుక్కలు మెడ మీద పడతాయి. బయటికి రాగానే ఐదు కమానుల రాతి వంతెన, ఎంతో కింద వై నది. లైను వేసే రోజుల్లో ఇంత అందమైన లోయను పాడుచేశారని రస్కిన్ అనే పెద్ద రచయిత తిట్టిపోశాడు. ఈ రోజు అదే వంతెన చట్టప్రకారం రక్షిత కట్టడం. దాని ఫోటో కోసమే జనం వస్తారు. తిట్టినాయన తప్పనీ అనలేను, కట్టినవాళ్ళు తప్పనీ అనలేను.

ఇప్పుడు మా వాడి ప్రశ్నకు వస్తాను. ఇరవయ్యారేళ్ళు ఆలస్యంగా, ఆ వంతెన గోడకు సైకిలు ఆనించి పెట్టుకుని పెరుగన్నం తింటూ నేను వేసుకున్న లెక్క ఇది. లెక్కల సారు ముందు వరసలోనే ఉన్నారు, తప్పుంటే దిద్దగలరు.

ఇనుప చక్రం ఇనుప పట్టా మీద చాలా సులువుగా దొర్లుతుంది. చదునులో టన్ను బరువును లాగడానికి నాలుగైదు కిలోల బలం చాలు. నూరు మీటర్లకు ఒక్క మీటరు ఎత్తు పెరిగినా ఆ నాలుగైదుకు మరో పది కిలోలు తోడవుతాయి. పని మూడింతలవుతుంది. అందుకే రైలుకు కొండెక్కడం చేతకాదు, చేతకాదు కాబట్టే ఇంజినీర్లు దానికోసం కొండను తొలిచారు, లోయలు పూడ్చారు, వంతెనలు కట్టారు. అక్కడి ఎత్తు చాలామేరకు నూటికి ఒకటికి అటూ ఇటూనే.

ఇక సైకిలు. నేను, సైకిలు, వెనక చక్రానికి అటూ ఇటూ వేలాడే సంచులు కలిపి నూరు కిలోలు. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో నూటికి ఒకటి ఎత్తు ఎక్కడానికి కావలసింది 33 వాట్లు. గాలికి, టైర్లకు మరో 40 వేసుకోండి. అదే ఘాట్ రోడ్డులా పదిహేనుకు ఒకటి ఉంటే, బరువును పైకెత్తడానికే 218 వాట్లు. యాభై దాటిన నాలాంటి వాడు గంటసేపు ఆపకుండా తొక్కగలిగేది నూరు వాట్లలోపే. మనం ఆ రోజు ఓడిపోయింది బలం లేక కాదురా, దారి మనకోసం వేసింది కాక. రైలు కోసం తీసిన వాలు ముసలివాడి మోకాలికి కూడా సరిపోతుంది. 1860ల నాటి ఇంజినీర్లు ఈ సంగతి కలలో కూడా అనుకుని ఉండరు.

అక్కడే దీనికి విరుద్ధమైన దారి కూడా ఉంది. క్రామ్‌ఫర్డ్ దగ్గర మొదలయ్యే హై పీక్ ట్రయిల్. 1830ల నాటి రైలు మార్గం అది. ఆవిరి ఇంజను మీద ఇంకా నమ్మకం కుదరని కాలం. జోసయాస్ జెసప్ అనే ఇంజినీరు దాన్ని కాలువలాగా ఊహించాడు. చాలా దూరం చదును, తర్వాత కాలువకు లాకులున్నట్టు నిట్రమైన ఎక్కుడు. ఎనిమిది మీటర్లకు ఒక మీటరు లేస్తుంది. పైన కూర్చోబెట్టిన ఆవిరి యంత్రం గొలుసులతో పెట్టెలను లాగేది. మిడిల్టన్ టాప్‌లో 1829 నాటి ఆ యంత్రాన్ని ఇంకా కాపాడుకుంటున్నారు. దాన్ని చూడటానికైనా ఆ ఎక్కుడు ఎక్కాలి. నేను సైకిలు తోసుకుంటూ ఎక్కాను, దిగువమెట్టలో తోసినట్టే. సిగ్గేమీ పడలేదు, పక్కన లారీ లేదు కదా.

పైకి చేరాక ఎకరాలకెకరాల గడ్డి, గాలి. ఎదురుగాలికి చదును కూడా ఎక్కుడే అవుతుంది, పై లెక్కలో అది చేర్చలేదు. వానొస్తే సున్నపురాయి పొడి తెల్లటి ముద్దై చెయినుకు పట్టుకుంటుంది. పార్స్‌లీ హే దగ్గర ఇంకో పాత రైలు దారి, టిస్సింగ్టన్ ట్రయిల్, కలుస్తుంది. 1971లో తెరిచారు, ఆ దేశంలో ఇలాంటి వాటిలో మొదటి వరసది. అక్కణ్ణుంచి ఆష్‌బోర్న్‌కు 21 కిలోమీటర్లు, చాలామేరకు దిగుడే. ఈ దారి మీద మా ఆవిడ నాతో వచ్చింది. ఏడో తరగతిలో వాళ్ళ నాన్న సైకిలు మాన్పించాక ఆమె మళ్ళీ తొక్కలేదు. పాత స్టేషను దగ్గర అద్దెకు తీసుకుని, మొదటి మైలు వణుకుతూ, రెండో మైలు నన్ను తిడుతూ, తర్వాత నన్ను వెనక వదిలేసి పోయింది. ఆష్‌బోర్న్‌లో నాకోసం బెంచీ మీద కూర్చుని ఉంది. ఆ రోజు నుంచి ఇంట్లో సైకిలు ఖర్చుల గురించి మాట రాలేదు.

ఈ దారులకూ లోపముంది. ఒకటి ముగిసిన చోట రెండోది మొదలు కాదు. మధ్యలో మళ్ళీ మామూలు రోడ్డు. చిన్న రోడ్లు పట్టుకుని పోతే బండ్లు తక్కువ, కానీ ఎత్తుపల్లాలు దారుణం. మ్యాపు చూడటం రానివాడు అక్కడ మోకాళ్ళతో మూల్యం చెల్లిస్తాడు. నేను చెల్లించాను.

2015లో తిరిగొచ్చాక నా బుర్రలో ఒకటే ఆలోచన. మన నల్లమలలో కూడా రైలు వదిలేసిన దారి ఉంది కదా! 1990లలో బ్రాడ్‌గేజి వేసినప్పుడు బొగద, చలమ మధ్య కొంత మేర పాత మీటరుగేజి దారిని వదిలేశారు. చిన్నప్పుడు దొరబావి వంతెన మీద బండి మెల్లగా పోతుంటే మా అవ్వ కళ్ళు మూసుకుని దండం పెట్టేది. ఆ వంతెన మీద ఇప్పుడు రైలు లేదు. అక్కడ సైకిలు దారి వేస్తే అని పటాలు కూడా గీశాను. అడవి గురించి తెలిసిన ఒక మిత్రుడు ఆ కాగితాలు చూసి, ‘నువ్వు గీసిన గీత మీద పులి నడుస్తుంది’ అన్నాడు. ఆయన మాటే సరి. మనుషులు లేకుండా పోయిన చోటికి మళ్ళీ వందలమందిని తోలుకుపోవడం నాకిష్టం లేదు. పటాలు బీరువాలో పెట్టేశాను.

కానీ అడవి బయట, కొండ వార, మనకొక దారి ఉంది. బడి వెనక నుంచి చెరువు కట్ట మీదుగా, కొండకింద పల్లెకు పోయే పాత బండిబాట. ఏడు కిలోమీటర్లు. పోయిన నెల మా బ్యాచిలోని సివిల్ ఇంజినీరు, నేను లెవెల్ పెట్టి కొలిచాం. మొత్తం ఎత్తు 38 మీటర్లు, సగటున 180కి ఒకటి. మిడ్‌లాండ్ రైల్వే కూడా ఇంత మెత్తటి వాలు వేయలేదు. మరవ దగ్గర మాత్రం అరవై మీటర్ల మేర నిట్రం. రెండు చోట్ల కంప మూసేసింది, ఇంకో రెండు చోట్ల బాటను కలుపుకుని దున్నుకున్నారు. దున్నినవాళ్ళు కూడా మన పూర్వ విద్యార్థులే, అదిగో, నవ్వుతున్నారు. ఆ పల్లె పిల్లలు ఇప్పుడు బడికి పద్నాలుగు మంది ఒక్క ఆటోలో మెయిన్ రోడ్డున వస్తున్నారు. సైకిళ్ళున్నవాళ్ళు కూడా ఇంట్లోనే పెట్టి వస్తున్నారు. ఎందుకని అడిగితే వాళ్ళ అమ్మానాన్నలు మా వాడి పేరే చెప్పారు.

స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర స్వాగత ద్వారం కట్టాలని కమిటీ అనుకుంటోంది. నా వాటా ఇచ్చేశాను, కాదనను. కొంచెం చిన్నది కట్టి, మిగిలిన డబ్బుతో కంప కొట్టించి, మరవ పక్కన చిన్న కల్వర్టు వేసి, గరుసు తోలించవచ్చని నా మనవి. అంచనా కాగితాలు అధ్యక్షుల వారికి అందించాను. వాటి మీద మా వాడి తమ్ముడి సంతకం కూడా ఉంది.

రేపు ఉదయం ఆరు గంటలకు బడి గేటు దగ్గర తొమ్మిది సైకిళ్ళుంటాయి, అద్దెకు మాట్లాడాను. బెల్లులు, బ్రేకులు రెండూ ఉన్నాయి, నేనే చూశాను. మరవ దగ్గర దిగి తోయాలి. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి, ముళ్ళున్నాయి.