ఈ రాయలవారు వేరు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యక్రమ పత్రములో మా ప్రసంగమునకు 'రాయలవారి కుటుంబము' అని అచ్చు వేసినారు. అది చూచి ఇద్దరు ముగ్గురు పెద్దలు శ్రీకృష్ణదేవరాయల గూర్చి విందామని ముందు వరుసలో వచ్చి కూర్చున్నారు. వారికి ముందుగానే మనవి చేయవలెను. ఈ రాయలవారు వేరు. వీరు ఇంగ్లండులో మాంచెస్టరు నగరమున, కౌన్సిలు కట్టించి అద్దెకిచ్చిన ఇంట్లో ఉంటారు. ఇంటి యజమాని జిమ్ రాయల్‌కు ఉద్యోగము లేదు, కుర్చీ ఉన్నది. ఆ కుర్చీయే ఆయన సింహాసనము.

'ది రాయల్ ఫ్యామిలీ' అను ఈ హాస్య ధారావాహిక బి.బి.సి. రెండవ ఛానెలులో 1998 సెప్టెంబరు 14న మొదలైనది. 2000 వరకు మూడు వరుసలుగా వచ్చి, మరల 2006 నుండి 2012 వరకు అప్పుడప్పుడు ప్రత్యేక భాగములుగా వచ్చినది. వ్రాసినవారు కారొలిన్ అహెర్న్, క్రెయిగ్ క్యాష్. మొదటి వరుసకు హెన్రీ నార్మల్ కూడ కలిసినారు. ఇంగ్లీషులో రాజకుటుంబము అను మాటకును వీరి ఇంటి పేరుకును చెవికి భేదము తెలియదు. చిలిపితనము అక్కడినుండే ఆరంభము.

ఇందులో ఏమి జరుగుతుందని అడిగితే జవాబు చెప్పుట కష్టము. అందరూ ముందుగదిలో కూర్చుంటారు. టెలివిజను ఆడుతూ ఉంటుంది. సిగరెట్టు పొగ, బిస్కెట్ల పొట్లము, నిండిన బూడిద గిన్నె. జిమ్ టెలిఫోను బిల్లు చేతబట్టి, ఎవరు ఎవరికి ఎంతసేపు ఫోను చేసినారని విచారణ జరుపుతాడు. భార్య బార్బరా రొట్టెల దుకాణములో కొన్ని గంటలు పనిచేసి వచ్చి, ఇంట్లో మిగిలిన పనంతా చేస్తుంది. కూతురు డెనీజ్ పుల్ల తీసి అటు పెట్టదు. కొడుకు ఆంటొనీని మాత్రము టీ పెట్టు, తలుపు తియ్యి, దుకాణమునకు పో అని అందరూ పురమాయిస్తారు, పైగా సోమరి అని తిడతారు. బార్బరా తల్లి నానా వచ్చిందంటే అల్లుడు జిమ్‌కు కడుపుమంట. ప్రక్కింటి జో అనే పెద్దమనిషి అరగంటకు రెండు ముక్కలు మాట్లాడితే గొప్ప. ఆయన కూతురు చెరిల్ ఎప్పుడూ పథ్యములోనే ఉంటుంది, ఎప్పుడూ ఏదో ఒకటి తింటూనే ఉంటుంది.

ఇతర హాస్య నాటికలలో వలె వెనుకనుండి నవ్వుల చప్పుడు లేదు. స్టూడియోలో జనమును కూర్చుండబెట్టి తీయలేదు, సినిమా ఫిల్ముమీద తీసినారు. కెమెరా ఇల్లు దాటి పోవుట బహు అరుదు. మీరు కూడ ఆ సోఫాలో ఒక మూల ఇరుక్కొని కూర్చున్నట్లే ఉంటుంది.

మనకు ఇది ఆలస్యముగా వచ్చినది. దక్షిణాఫ్రికాలో టెలివిజను 1976 జనవరి 5న గాని మొదలు కాలేదు. బ్రిటిషు నటుల సంఘమైన ఈక్విటీ, వర్ణవివక్షకు నిరసనగా, తన సభ్యులు నటించిన కార్యక్రమములు ఇక్కడకు అమ్మరాదని కట్టడి చేసినది. ఆ కట్టడి న్యాయమైనదే. దానివలన అమెరికా కుటుంబములెన్నో మన ముందుగదులలోకి వచ్చినవి గాని, ఇంగ్లండు కూలివారి కుటుంబములు ఆ రోజులలో రాలేదు. రాయల్ వారిని మాకు పరిచయము చేసినది అక్కడ నర్సుపని చేయుచున్న మా మేనకోడలు. డిస్కుల పెట్టె ఒకటి పంపి, 'చూడండి, మన ఇల్లే' అని చీటీ వ్రాసినది.

మన ఇల్లేమిటి అని మేము మొదట ముఖము చిట్లించిన మాట నిజము. ఈ సభకు విషయము చెప్పినప్పుడు ఒక పెద్దలు కూడ ఇట్లే అడిగినారు: తెలుగు పండుగలో ఈ తాగుబోతు మాటల ఇంగ్లీషువారు ఎందుకండీ, ఆ కుటుంబమునకు ఒక పద్ధతి ఉన్నదా అని. పద్ధతి లేదు. తండ్రి పని చేయడు, కూతురు పిల్లవానిని ఇతరుల చేతిలో పెట్టి కూర్చుంటుంది, ఎవ్వరూ ఎవ్వరికీ మర్యాద ఇవ్వరు. ఒక భాగములో బార్బరాకే సహనము పోయి, ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. అప్పుడు తక్కినవారికి ఏమి చేయవలెనో తెలియదు. ఆమె ఎంత చాకిరి చేస్తుందో ఆ ఒక్క భాగము చెప్పినంత స్పష్టముగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదని మా అభిప్రాయము. పసిపిల్లలకు చూపదగిన నాటిక కాదు. కాని పెద్దలు చూడవలసినది.

ఆ ఇంటికి ఎవరు వచ్చినా బార్బరా అడిగే మాట ఒకటున్నది: టీ అయినదా? ఇంగ్లండు ఉత్తరభాగమున కూలివారి ఇండ్లలో టీ అనగా సాయంకాలపు భోజనము. అయినదంటే, ఏమి తిన్నావు అని రెండవ ప్రశ్న. చెబితే దానిమీద ఒక వ్యాఖ్యానము. అల్లుడు డేవ్ రోజూ వచ్చేవాడే, రోజూ ఇదే ప్రశ్న. ఇంగ్లీషు విమర్శకులు దీనిని ఎట్లు చూచినా, మనకు నవ్వుతోపాటు గుండెలో ఒక కలుక్కుమనడము కూడ వస్తుంది. 'భోజనమైనదా? ఏం కూర?' అని మ్యాగజీన్ బారక్సులో ఒక గుమ్మమునుండి ఇంకొక గుమ్మమునకు అడిగిన మాట ఇది కాదా? జవాబు సాధారణముగా టిన్ను చేపల కూర, లేకపోతే బీన్సు. ఆ ప్రశ్నకు అర్థము కూర కాదని అడిగినవారికీ తెలుసు, చెప్పినవారికీ తెలుసు.

బారక్సు పోయినవి. 1960ల దశకములో మున్సిపాలిటీ కూలివారిని చాట్స్‌వర్తుకు తరలించినారు. గుమ్మములు చెదరిపోయినవి, పిల్లల చదువు ఇంగ్లీషులోనే నడిచినది. కనుక తెలుగు పోవుటకు నేరమంతా టెలివిజనుమీద వేయుట న్యాయము కాదు. అయినను ఒక సంగతి చెప్పవలెను. 1976 తరువాత ఇంటింటికి పెట్టెలు వచ్చినవి. మొదటి యేండ్లలో అందులో ఇంగ్లీషు, ఆఫ్రికాన్సు తప్ప వేరు భాష లేదు. పెట్టె ముందు అవ్వ కూర్చుండి, 'ఆ పిల్ల ఎందుకురా ఏడుస్తుంది?' అని అడిగేది. 'ష్, అవ్వా, వినబడుట లేదు' అనేవారు. రెండు మూడేండ్లకు అవ్వ అడుగుట మానివేసినది. సభలో తల ఊపుచున్నవారిని చూస్తున్నాము. ఇది ఒక్క ఇంటి కథ కాదు.

రాయల్ వారింట్లో పెట్టె ఎప్పుడూ ఆగదు, మాట కూడ ఎప్పుడూ ఆగదు. పెట్టెను తిడతారు, పెట్టెలోని వారి జుట్టు గూర్చి తగవులాడతారు, నానా సగము వినక అడిగితే ఎవరో ఒకరు విసుక్కుంటూనైనా జవాబు చెబుతారు. ముసలామె ప్రశ్న ఆ గదిలో చావదు. ఆ కుటుంబము చెడిపోయినదని చెప్పే ముందు దీనిని కూడ లెక్కలో వేయవలెను.

జిమ్ వేషము వేసిన రికీ టామ్లిన్సన్ గూర్చి ఇక్కడ రెండు మాటలు చెప్పి పోతాము. ఆయన నటుడు కాకముందు గోడలకు పూత పూసే మేస్త్రీ, కార్మిక సంఘములో మనిషి. 1972లో జరిగిన కట్టడపు కార్మికుల సమ్మెలో పాల్గొన్నందుకు 1973లో ఆయనకు రెండేండ్ల జైలు శిక్ష వేసినారు. అదే 1973 జనవరిలో మన డర్బనులో ఇటుకల ఫ్యాక్టరీ పనివారు సమ్మె మొదలుపెట్టి ఊరంతా కదిలించినది మీకు గుర్తుండును. టామ్లిన్సన్ మీది తీర్పును లండనులోని అప్పీలు కోర్టు 2021 మార్చిలో గాని కొట్టివేయలేదు. నలుబది ఏడేండ్లు! కుర్చీలో కూలబడి లోకమునంతా తిట్టే ఆ జిమ్‌ను చూచినప్పుడు ఈ సంగతి తెలిసి ఉండుట మంచిది.

ఈ ఇంట్లో ప్రేమ అను మాట ఎవ్వరూ పలుకరు. 1999 క్రిస్మసు భాగములో డెనీజ్‌కు నొప్పులు మొదలై, స్నానాల గదిలో నేలమీద కూర్చుండి భయముతో ఏడుస్తుంది. అంతవరకు వెక్కిరింతలు తప్ప ఎరుగని తండ్రి, ఆ నేలమీదనే ఆమె ప్రక్కన కూర్చుంటాడు. మాటలు అవే మొరటు మాటలు, గొంతు మాత్రము వేరు. 2006 అక్టోబరులో వచ్చిన 'షీబా రాణి' అను భాగములో నానాకు అవసానము. మంచము పట్టిన తల్లి జుట్టును బార్బరా సవరిస్తూ ఆ మాట ఈ మాట చెబుతుంది. అంతే. దానికి బ్రిటిషు వారి బాఫ్టా బహుమతి వచ్చినది. నానాగా నటించిన లిజ్ స్మిత్ 2016 డిసెంబరులో తొంబదియైదవ యేట పోయినారు. అదే యేడు జూలైలో కారొలిన్ అహెర్న్ పోయినది, ఆమెకు యాబది రెండేండ్లే. డెనీజ్‌గా నటించినది కూడ ఆమెయే అని చెప్పుట మరచితిమి.

ఇప్పుడు మా తరగతి సంగతి. మన పిల్లలు శతక పద్యము తప్పు లేకుండ చదువుతారు, ఉగాది పాట పాడతారు. కాని ఒకడు ఇంకొకని కాలు తొక్కితే నోట వచ్చేది ఇంగ్లీషే. అందుచేత ఈ యేడు వారికి ఒక పని పెట్టినాము. పది నిమిషముల నాటిక వ్రాయవలెను. పండుగ ఉండరాదు, పద్యము ఉండరాదు, నీతి ఉండరాదు. ఒక ముందుగది, ఒక సోఫా, నలుగురు మనుష్యులు, ఉత్త మాటలు.

వారము దినములు ఒక్క పంక్తి రాలేదు. 'ప్రక్కకు జరుగు' అనుట ఎట్లో ఎవరికీ తెలియదు. మా వద్ద ఉన్న వాచకములలో అటువంటి మాట లేదు, వాచకములు వ్రాసినవారికి సోఫా తగవులు తట్టలేదు కాబోలు. అప్పుడు ఒక పిల్ల వాళ్ళ అవ్వను తరగతికి తీసికొని వచ్చినది. ఎనుబది నాలుగేండ్లు, బారక్సులో పుట్టిన మనిషి. ఆమె కుర్చీలో సర్దుకొని ఒక్కొక్కటిగా ఇచ్చినది: 'జరుగు', 'సరేలే', 'పోవే', 'పెద్ద చెప్పొచ్చావులే', 'అబ్బ, ఊరుకో'. మేము నల్లబల్లమీద వ్రాయలేక చేయి నొప్పి పుట్టినది.

జిమ్ రాయల్‌కు ఒక ఊతపదమున్నది. ఎవరు ఏమి చెప్పినా ఆ సంగతి పేరెత్తి, దాని వెనుక తన శరీరములో కూర్చొనే భాగమును జోడిస్తాడు. దీనిని తెనిగించుట ఎట్లాగని తరగతి తల పట్టుకొన్నది. అవ్వకు విషయము మర్యాదగా వివరించినాము. ఆమె ఒక్క క్షణము ఆలోచించలేదు. 'టెలిఫోను బిల్లా, నా బొంద!' అన్నది. పిల్లలు బల్లలు చరిచి నవ్వినారు. ఆ రాత్రి ఎన్ని ఇండ్లలో ఎన్ని వస్తువులకు బొంద తగిలినదో తల్లిదండ్రులు మాకు ఫోను చేసి చెప్పినారు. ఒకరు కోపముగా చెప్పినారు, ముగ్గురు నవ్వుతూ చెప్పినారు.

నాటిక భోజనములైన తరువాత ఉంటుంది. పాత్రలు నాలుగు అనుకొన్నాము, అవ్వ చేరినందున ఐదైనవి. రిమోటుకు తెలుగుమాట ఏమిటని తరగతిలో రెండు పక్షములు ఏర్పడినవి. అవ్వ 'ఆ నొక్కేది' అన్నది, అదే ఉంచినాము. సోఫా ఒక సభ్యుల ఇంటినుండి తెచ్చినాము. దాని వెనుక కాలు ఒకటి విరిగియున్నందున క్రింద ఇటుక పెట్టినాము. నటులెవ్వరూ ఎడమ మూలన గట్టిగా కూర్చోవద్దు.