పాల క్యాను పైన వెలిగే దీపం

(వర్ని ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము తనిఖీకి వస్తే రిజిస్టర్లు, తూనిక, వెన్న పరీక్ష చూస్తామని మీకు తెలుసు. ఈ రోజు మాత్రం తల పైకెత్తి చూడవలసిన సంగతి ఒకటి మనవి చేస్తాం. అది పాల క్యాను పైన వెలిగే దీపం. తెల్లవారకముందే ఒకసారి, పొద్దుగుంకిన తర్వాత ఒకసారి మనకు దీపం వెలుగులోనే పని. ఆ దీపం పగిలితే గాజు పడేది పాలలో. ఆ పాలు తాగేది ఎక్కడో పట్నంలో ఉన్న పసిపిల్ల.

బల్బు పగిలితే "దాని ఆయుష్షు తీరింది" అని ఊరుకుంటాం. కాని ఊరికే ఏ దీపమూ పగలదు. ముఖ్యమైన కారణాలు మూడు: నీళ్ళు, వోల్టేజి, అరుగుదల.

మొదటిది నీళ్ళు. లాంతరు వెలుగుతుండగా చిమ్నీ మీద వాన చినుకు పడితే ఏమయ్యేదో పెద్దలకు తెలుసు. బల్బు సంగతీ అంతే. తీగ బల్బులోని టంగ్‌స్టన్ తీగ సుమారు 2500 డిగ్రీల వేడితో వెలుగుతుంది. పైనున్న గాజు కూడా చేయి పెట్టలేనంత కాలుతుంది. చుక్క పడినచోట గాజు ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, చుట్టూ ఉన్న గాజు వేడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు గాజు చిట్లుతుంది. క్యాన్లు కడిగే పైపు, బర్రెలను కడిగే చెంబు, వానకు కారే రేకుల కప్పు, వీటిలో ఏదైనా చాలు.

రెండవది వోల్టేజి. మనది నిజాంసాగర్ కింద వరి పండే ప్రాంతం. మోటార్లు నడిచేటప్పుడు వోల్టేజి తగ్గడం, అవి ఆగగానే పెరగడం మనం చూస్తూనే ఉన్నాం. 230 వోల్టుల తీగ బల్బుకు 5 శాతం ఎక్కువ వస్తే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. తీగ తెగే క్షణంలో లోపల మెరుపు లేచి, ఒక్కోసారి గాజు కూడా పగులుతుంది. మంచి బల్బులో దీన్ని ఆపడానికి చిన్న ఫ్యూజు తీగ ఉంటుంది, నాసిరకం బల్బులో ఉండదు.

ఇంతకంటె ప్రమాదం న్యూట్రల్ తీగ తెగడం. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులుంటే, రెండు ఫేజుల మధ్య సుమారు 400 ఉంటాయి. న్యూట్రల్ తెగినా, వదులైనా కొన్ని ఇళ్ళకు ఆ 400కు దగ్గరగా వచ్చేస్తుంది. ఒక ఇంట్లో దీపం గుడ్డిగా, పక్కింట్లో కళ్ళు చెదిరేలా వెలిగితే అదే గుర్తు. అప్పుడు కొత్త బల్బు పెట్టి చూడవద్దు. వెంటనే మెయిన్ ఆపి లైన్‌మన్‌కు గాని 1912 నంబరుకు గాని చెప్పాలి. లేకుంటే బల్బుతో పాటు పాల పరీక్ష యంత్రమూ పోతుంది.

మూడవది అరుగుదల. ట్యూబులైటు కొసలు నల్లబడి, మిణుకుమిణుకుమంటూ ఉంటే దాని పని అయిపోయిందని అర్థం. అయినా స్టార్టరు మార్చి, తిప్పి తిప్పి వెలిగిస్తాం. కొసలు వేడెక్కి గాజు పగలవచ్చు, చోకు కాలవచ్చు. ట్యూబు లోపల గాలి పీడనం చాలా తక్కువ. పగిలినప్పుడు బయటి గాలి ఒక్కసారిగా చొరబడి గాజు ముక్కలు దూరంగా చిందుతాయి. లోపలి తెల్లపొడి, కొన్ని మిల్లీగ్రాముల పాదరసం బయటపడతాయి.

పాదరసం కొంచెమే కదా అనవచ్చు. భయపడి పరుగెత్తనక్కరలేదు గాని, తిండిలో కలవనీయరాదు. జపానులోని మినమాటాలో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల ద్వారా మనుషుల్లోకి చేరి వేలమందిని పాడుచేసింది. ఆ ఊరి పేరుతోనే 2013లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం కిందనే 2027 నాటికి ఈ ట్యూబుల తయారీ, ఎగుమతి, దిగుమతి ఆపాలని 2023లో జెనీవాలో నిర్ణయించారు.

ఇక పగిలితే ఏం చేయాలి? దీపం కింద మూత లేకుండా ఉన్న పాలన్నీ పారబోయాలి. వడగట్టి పంపుదామనే మాట వద్దు. సన్నని గాజు నలుసు గుడ్డలో నిలవదు. ట్యూబైతే కిటికీలు తెరిచి పావుగంట బయట ఉండాలి. తర్వాత చీపురు వాడకుండా గట్టి అట్టముక్కతో ఎత్తి, మూత ఉన్న సీసాలో వేయాలి. పెంటకుప్పలోనో కాలువలోనో పడేయరాదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్యాను అంటే 40 లీటర్లు. పారబోయడానికి ఎవరికి చేయి వస్తుంది? నష్టం తన జీతంలో కోస్తారనే భయం కార్యదర్శికి ఉంటే, గాజు ముక్క తీసిపారేసి మాట దాచేస్తాడు. అందుచేత పాలకవర్గం ముందుగానే తీర్మానం చేయాలి: దీపం పగిలి పారబోసిన పాల నష్టం సంఘానిదే. దాన్ని కార్యదర్శి మీద గాని, పాలు పోసినవారి మీద గాని వేయరాదు. నిజం చెప్పినవాడు నష్టపోకుండా చూడటమే సహకారం.

అంతకంటె మేలు పగలకుండా, పగిలినా పాలలో పడకుండా చూడటం. ఆహార పదార్థాలు ఉండేచోట దీపం పగిలి వాటిలో పడకుండా అమర్చాలని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కూడా చెబుతున్నాయి. దీపాన్ని క్యాను నెత్తిన కాక పక్కకు జరపండి, పగలని ప్లాస్టిక్ మూత బిగించండి. ఎల్‌ఇడి దీపాలలో పాదరసం లేదు, వేడీ తక్కువే. అయితే ఎల్‌ఇడి ట్యూబుల్లో గాజువి కూడా ఉంటాయి, ప్లాస్టిక్‌వి అడిగి కొనండి. వోల్టేజి పెరిగితే వాటి లోపలి భాగాలూ పేలవచ్చు కనుక మెయిన్‌కు ఎం.సి.బి.తో పాటు వోల్టేజి హద్దు దాటితే కరెంటు ఆపే పరికరం కూడా పెట్టించండి.

ఇంటి కొట్టంలోనూ అంతే. చలికాలంలో దూడకు వెచ్చదనం కోసం బల్బు వేలాడదీస్తే గడ్డికి దూరంగా, గొలుసుతో, జాలీ తొడిగి కట్టండి. మెయిన్ ఆపకుండా, తడి చేతులతో బల్బు మార్చవద్దు. పగిలిన బల్బు హోల్డరులో మిగిలిన తీగల్లో కరెంటు ఉంటుంది.

రేపు పాలు పోయడానికి వెళ్ళినప్పుడు ప్రతి సభ్యుడూ ఒక్కసారి పైకి చూడాలి. మూతలేని దీపం కనబడితే కార్యదర్శికి చెప్పి తీర్మానాల పుస్తకంలో రాయించాలి. ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు మేము కూడా ఆ పేజీ అడుగుతాం.