కొలంబియాను కూల్చింది ఎవరు? మూడు థియరీలు, ఒక రికార్డర్

2003 ఫిబ్రవరి 1. కొలంబియా స్పేస్ షటిల్ భూమికి తిరిగొస్తూ, టెక్సాస్ మీద దాదాపు 61 కిలోమీటర్ల ఎత్తులో ముక్కలైపోయింది. ల్యాండింగ్‌కి ఇంకో 16 నిమిషాలే ఉంది. ఏడుగురు చనిపోయారు. వాళ్లలో మన కర్నాల్ అమ్మాయి కల్పనా చావ్లా ఒకరు.

ఇప్పటికీ దీని మీద రకరకాల వీడియోలు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరినీ వెక్కిరించకుండా, ఒక్కో థియరీని తీసుకుని చూద్దాం.

మొదటిది, మిస్సైల్ థియరీ. సిబ్బందిలో ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రమోన్ ఉన్నారు. 1981లో ఇరాక్ అణు రియాక్టర్ మీద బాంబులు వేసిన పైలట్లలో ఆయన ఒకరు. కాబట్టి టెర్రరిస్టులే కూల్చారు అంటారు. అనుమానం రావడం తప్పు కాదు. కానీ లెక్క చూడండి. భుజం మీద పెట్టి పేల్చే మిస్సైల్ కొన్ని కిలోమీటర్ల ఎత్తు దాటదు. షటిల్ ఉన్నది 61 కిలోమీటర్ల ఎత్తులో, వేగం ధ్వనికి దాదాపు 18 రెట్లు. అందడం సంగతి అలా ఉంచండి, గురి పెట్టడమే కష్టం.

రెండోది, మెరుపు థియరీ. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకాయన తీసిన ఫొటోలో షటిల్ దారి మీదకి ఊదారంగు గీత ఒకటి వంకరటింకరగా వచ్చి కలుస్తుంది. పిడుగు అన్నారు, రహస్య ఆయుధం అన్నారు. ఆ ఫొటో లాంగ్ ఎక్స్‌పోజర్. షటర్ తెరిచి ఉండగా కెమెరా కాస్త కదిలితే వెలుగు అలాగే గీతలా పడుతుంది. దర్యాప్తులో తేలింది కూడా అదే.

మూడోది కాస్త గట్టిది. "పర్యావరణ రూల్స్ వల్ల ఫోమ్ మార్చారు, కొత్త ఫోమ్ నాసిరకం, అందుకే ఊడింది" అని. వినడానికి లాజిక్‌గానే ఉంది. కానీ ఆ రోజు ఊడిన చోట వాడింది పాత రకం ఫోమే, సీఎఫ్‌సీతో చేసిందే.

ఇప్పుడు అసలు సాక్ష్యానికి వద్దాం. ప్రమాదం తర్వాత మార్చిలో, టెక్సాస్‌లోని హెంప్‌హిల్ దగ్గర షటిల్ డేటా రికార్డర్ దొరికింది. లోపలి టేపు చదవగలిగారు. షటిల్ కాలిఫోర్నియా తీరం చేరడానికి దాదాపు ఐదు నిమిషాల ముందే, ఇంకా పసిఫిక్ సముద్రం మీద ఉండగానే, ఎడమ రెక్క ముందు అంచు దగ్గరి సెన్సర్ తేడా రీడింగ్ ఇచ్చింది. అంటే ఆ ఫొటో క్లిక్‌మనక ముందే లోపల నష్టం మొదలైంది. మిస్సైల్, మెరుపు రెండూ ఈ ఒక్క టైమ్‌స్టాంప్ దగ్గరే ఆగిపోతాయి.

మరి థర్మోకోల్ లాంటి ముక్క రెక్కకి చిల్లు పెడుతుందా? నాకూ మొదట అదే డౌట్. జనవరి 16న లాంచ్ అయిన 82 సెకన్లకి, పెద్ద ట్యాంకు నుంచి ముప్పావు కిలో ఫోమ్ ఊడింది. తేలిక కాబట్టి గాల్లో చటుక్కున వేగం తగ్గిపోయింది. వెనకాల దూసుకొస్తున్న షటిల్ రెక్క గంటకి 800 కిలోమీటర్ల తేడాతో వెళ్లి దాన్ని గుద్దింది. 2003 జూలైలో శాన్ ఆంటోనియోలో గ్యాస్ గన్‌తో అలాంటి ఫోమ్ ముక్కనే రెక్క ప్యానెల్ మీదకి పేల్చారు. 40 సెంటీమీటర్ల చిల్లు పడింది. తిరుగు ప్రయాణంలో మండే గాలి అలాంటి చిల్లులోంచే లోపలికి దూరింది.

ఇక్కడ దాచేసిన కథ కావాలంటే రిపోర్టులోనే ఉంది, కానీ విలన్ లేడు. 2002 అక్టోబర్‌లో ఇంకో షటిల్‌కీ అదే చోట ఫోమ్ ఊడింది. "అప్పుడేం కాలేదు కదా" అనుకున్నారు. కొలంబియా కక్ష్యలో ఉండగా రెక్కని ఫొటో తీయించమని ఇంజినీర్లు అడిగారు. పైవాళ్లు ఆ ప్రయత్నాన్ని ఆపేశారు. ఫోమ్ తగిలిందని, కంగారేం లేదని సిబ్బందికి ఈమెయిల్ కూడా పెట్టారు.

కోడ్ రాసేవాళ్లకి ఈ జబ్బు బాగా తెలుసు. రోజూ వచ్చే వార్నింగ్‌ని కొన్నాళ్లకి ఎవరూ చదవరు. సర్వర్ పడిపోతే మళ్లీ లేపుకోవచ్చు. ఇక్కడ ఏడుగురు.

అందుకే ఎవరితోనైనా వాదించేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. నీ థియరీ టైమ్‌లైన్‌తో కలుస్తుందా? ఏం చూపిస్తే తప్పని ఒప్పుకుంటావు? రెండోదానికి జవాబు లేకపోతే అక్కడితో ఆపేయండి, స్నేహం మిగులుతుంది.

ఒక్క మాట. 2002 సెప్టెంబర్‌లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన మెట్‌శాట్ ఉపగ్రహానికి ఆ ప్రమాదం తర్వాత కల్పన-1 అని పేరు మార్చారు. ఆమె పేరుతో ఈసారి మిస్సైల్ వీడియో ఫార్వర్డ్ వస్తే, ఆ రికార్డర్ సంగతి చెప్పండి.