పెయింట్‌బాల్ మార్కరు – దాని వాల్వు

సెలవుదినమున మైదానమునకు పోయి, రంగుగుండ్లతో ఒకరినొకరు కొట్టుకొని, దుస్తులనిండ మరకలతో ఇల్లు చేరు యువకులు నేడు హైదరాబాదులోను ఉన్నారు, సముద్రముల కవతల నున్న మనవారి యిండ్లలోను ఉన్నారు. పెయింట్‌బాల్ అను ఈ క్రీడను గూర్చి పెద్దలు సాధారణముగ అడుగు ప్రశ్న ఒక్కటే: దెబ్బ తగులదా? తగులును. ఎంత తగులునన్నది మాత్రము చాలవరకు, గుండును విసరు సాధనములో దాగియున్న ఒక చిన్న వాల్వుపై ఆధారపడి యుండును. దానిని సరిదిద్దుకొను విధమును, బాగుచేసికొను విధమును నేడు ముచ్చటించెదము.

ఈ సాధనమును ఆటగాండ్రు తుపాకి యనరు. మార్కరు, అనగా గుర్తు వేయునది, అందురు. ఆ పేరు ఊరక రాలేదు. నరుకవలసిన చెట్లకు దూరమునుండియే రంగు గుర్తు పెట్టుటకు, మందలోని పశువులకు గుర్తు వేయుటకు అమెరికాలో నెల్సన్ అను రంగుల కంపెనీవారు 1970 తరువాతి సంవత్సరములలో దీనిని ప్రచారములోనికి తెచ్చిరి. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రములో హెన్నికర్ అను ఊరి అడవిలో పన్నెండుగురు దానినే చేతబట్టి తొలిసారి ఆటగా ఆడిరి. జెండాలన్నియు చేజిక్కించుకొని గెలిచిన వ్యక్తి ఒక్క గుండైనను పేల్చలేదట! వాల్వుతో అవసరమే లేకుండ గెలిచిన ఘనుడు అతడొక్కడే యని మా అనుమానము.

ఇక యంత్రము లోపలికి పోదము. మిక్కిలి ప్రసిద్ధమైన టిప్‌మన్ 98 అను మార్కరును ఉదాహరణముగ తీసికొందము. వెనుక భాగమున ఒక ఉక్కు సుత్తి, స్ప్రింగును అణచుకొని, ఒక కొక్కెమునకు తగులుకొని యుండును. మీట నొక్కగనే కొక్కెము వదలును. సుత్తి ముందునకు దూకి వాల్వు కాడను కొట్టును. మన యింటి కుళాయిలో వాషరు నీటిని ఆపినట్లే, వాల్వులోని బిళ్ళ వాయువును ఆపి యుండును. దెబ్బకు ఆ బిళ్ళ తన పీఠమునుండి రవంత తొలగును. ఆ రెప్పపాటులో వెలువడిన వాయువు రెండు దారులు పట్టును. ఒక పాయ ముందునకు పోయి గుండును గొట్టమునుండి నెట్టును. రెండవ పాయ వెనుకకు తిరిగి సుత్తిని మరల కొక్కెమునకు చేర్చును. ఇంతలో వాల్వు మూసికొనును. వాల్వు ఎంతసేపు తెరచి యుండెను, ఎంత వాయువు గుండును చేరెను, అను రెండు లెక్కలే గుండు వేగమును నిర్ణయించును.

వాయువును గూర్చి ఒక మాట. బొగ్గుపులుసు వాయువును వాడు సిలిండరులో అది ద్రవరూపమున నుండును. ద్రవము మిగిలి యున్నంతకాలము దాని పీడనము పరిమాణమును బట్టి గాక ఉష్ణోగ్రతను బట్టి మారును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద చదరపు అంగుళమునకు ఇంచుమించు 830 పౌనులుండు పీడనము, 0 డిగ్రీల వద్ద 500 పౌనులకు దిగును. కావున ఉదయపు చలిలో సరిదిద్దిన మార్కరు మధ్యాహ్నపు టెండలో హద్దు మీరును. సిలిండరులో గాలినే 3000 లేక 4500 పౌనుల వరకు కుదించి, రెగ్యులేటరు ద్వారా సుమారు 800 పౌనులకు తగ్గించి వాడు పద్ధతిలో ఈ చిక్కు తక్కువ.

వేగమునకు హద్దు సెకనుకు 300 అడుగులు. అనేక మైదానములవారు 280కే ఆపుదురు. దీనికి కారణము గ్రహింపదగినది. గుండు వ్యాసము అంగుళములో 0.68 వంతు, బరువు సుమారు 3 గ్రాములు. క్రికెట్ బంతి కంటిపై పడినను, దాని పరిమాణమువలన చుట్టునున్న ఎముక కొంత దెబ్బను అడ్డుకొనును. రంగుగుండు కంటి గుంతకంటె చిన్నది. నేరుగ కనుగ్రుడ్డునే తాకగలదు. అందువలననే ముఖకవచము లేనిదే మైదానములో కాలుపెట్టనీయరు. వేగము పదింట ఒక వంతు హెచ్చినచో దెబ్బ పదింట ఒక వంతు హెచ్చుననుకొనరాదు. దాని శక్తి నూటికి 21 వంతులు హెచ్చును.

అందుచేత వేగమును క్రోనోగ్రాఫు అను కొలత యంత్రముతోనే చూడవలెను. చెవితో విని, "బాగుగనే యున్నది" అనువారిని మేము నమ్మము. టిప్‌మన్ 98కి ఎడమప్రక్క ఒక మర కలదు. అది వాయువు దారికి అడ్డుపడును గనుక కుడికి త్రిప్పినచో వేగము తగ్గును. స్పైడర్ జాతి మార్కర్లలో మర వెనుక నుండును. అది సుత్తి స్ప్రింగును బిగించును గనుక కుడికి త్రిప్పినచో వేగము పెరుగును! ఒకదాని అలవాటుతో రెండవదానిని ముట్టుకొనరాదు. పావుచుట్టు త్రిప్పి, నాలుగైదు గుండ్లు కాల్చి, అంకెలు చూచి, మరల పావుచుట్టు త్రిప్పవలెను. అంకెలు గుండుకు గుండుకు అయిదో పదో అటునిటు అగుచుండును. కావున సగటును హద్దుకు తగిలించి వదలక, 10 లేక 15 అడుగులు దిగువనే నిలుపుట మేలు.

విప్పి శుభ్రపరచుటకు ముందు గుండ్లు తీసివేసి, సిలిండరు విప్పి, గొట్టమును నిరపాయమైన దిక్కునకు త్రిప్పి, లోపల మిగిలిన వాయువు పోవువరకు మీట నొక్కవలెను. కారుచున్న చోటును తెలిసికొనుట కష్టము కాదు. చప్పుడు గొట్టము నోట వినవచ్చినచో దోషము సాధారణముగ వాల్వు బిళ్ళది. సిలిండరు మెడవద్ద వినవచ్చినచో అక్కడి రబ్బరు ఓ-రింగుది. సబ్బునీరు పూసినచో బుడగలే చెప్పును. బిళ్ళపై నలుసు పడిన మెత్తని గుడ్డతో తుడువవలెను. గీత పడిన మార్చవలెనే గాని గరుకు కాగితముతో రుద్దరాదు. నూనెయందు ఇంకొక జాగ్రత్త. కుట్టుమిషనుకు వాడు ఖనిజతైలము వలదు. అది రింగులను చెరచవచ్చును. మార్కర్లకై అమ్ము నూనెను సిలిండరు బిగించు రంధ్రములో నాలుగు చుక్కలు వేసినచో, వాయువే దానిని వాల్వు వరకు మోసికొని పోవును.

ఒకసారి మీట నొక్కగా మూడు నాలుగు గుండ్లు వరుసగ పోవుట కొందరు కుర్రవాండ్రకు వేడుక. అది మార్కరు ప్రజ్ఞ కాదు. వాయువు చాలక సుత్తి కొక్కెమువరకు చేరలేకపోవుటయే తరచు కారణము. వాల్వును విప్పుటకు ముందు సిలిండరును చూడవలెను. అది నిండియే యున్నచో సుత్తి చుట్టునున్న రింగు ఎండినదేమో, కొక్కెము అరిగినదేమో పరీక్షింపవలెను.

సిలిండరు మెడలోని వాల్వును మాత్రము ఇంట నెవరును ముట్టరాదు. మార్కరునుండి విప్పుచుండగా సిలిండరే తన వాల్వునుండి విడివడి, రాకెట్టువలె ఎగిరి, ప్రాణములు తీసిన దుర్ఘటనలు అమెరికాలో జరిగినవి. దీనికి సులభమైన ఉపాయ మొకటి కలదు. సిలిండరుపైనుండి వాల్వు మీదుగ గోళ్ళరంగుతో ఒక నిలువుగీత గీయవలెను. విప్పునపుడు గీత రెండు ముక్కలును కలిసియే తిరిగినచో భయము లేదు. ముక్కలు విడివడ నారంభించినచో, సిలిండరు తిరుగుచున్నది గాని వాల్వు తిరుగుట లేదని అర్థము. అక్కడనే చేయి ఆపి, పనివాని యొద్దకు తీసికొని పోవలెను.