గోనెలు మోసిన జాతికి సంచి బరువా?



మనం మాట్లాడుకోబోయేది చిన్న విషయం. కిరాణా దుకాణానికి పోయేటప్పుడు ఇంటి నుంచి సంచి తీసుకుపోవడం. ఇంత చిన్న మాటకు సభ ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. కానీ సంచి మనకు కొత్త కాదు. రైళ్లు రాకముందు మన తాతముత్తాతలు ఎడ్ల వీపుల మీద అటూ ఇటూ గోనెలు వేసి, ఉప్పు, ధాన్యం దక్కన్ అంతా తిప్పారు. మన ఆడవాళ్లు అద్దాలు, గవ్వలు పెట్టి సంచులు కుట్టారు. 2023 జులైలో జీ20 సమావేశాల సందర్భంగా హంపిలో 1,755 లంబానీ కుట్టుపని వస్తువులను ఒక్కచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డు వచ్చింది. అలాంటి మనం ఈరోజు అంగడి నుంచి పది పల్చని కవర్లు వేలికి వేలాడేసుకుని వస్తున్నాం.

ఆ కవర్లు ఎటు పోతున్నాయి? కొన్ని పొయ్యి రాజేయడానికి వాడి, ఆ పొగ ఇంట్లోనే పీలుస్తున్నాం. కొన్ని మోరీలో అడ్డం పడుతున్నాయి. మిగిలిపోయిన అన్నం, కూర తొక్కలు మూటగట్టి పారేస్తే పశువులు కవర్‌తో సహా మింగుతున్నాయి. వీధుల్లో తిరిగే ఆవుల కడుపుల్లో కిలోల కొద్దీ ప్లాస్టిక్ చేరుతోందని పుట్టపర్తిలోని కరుణ సొసైటీ 2012లో సుప్రీంకోర్టుకు పోయింది. సేవాలాల్ మహారాజ్ 1739లో గుత్తి దగ్గర పుట్టి ఆవుల మందలు కాచారని మనం చెప్పుకుంటాం. ఆ ఊర్లున్నది పాత అనంతపురం జిల్లాలోనే. ఫిబ్రవరి 15న జయంతి చేసి, మర్నాడు ఆవు ముందు కవర్ పారేస్తే ఆ భక్తికి అర్థం ఏముంది?

ఇంకో మాట. "మా తండాలో మా రాజ్యం" అని ఏళ్ల తరబడి కొట్లాడాం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. రాజ్యం మనదైనప్పుడు చెత్త కూడా మనదే. వేరే ఊరి సర్పంచ్ మీద నెట్టే రోజులు పోయాయి.

చట్టం కూడా మన వైపే ఉంది. 120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా చిన్న దుకాణందారుతో గొడవ పడమని మేము చెప్పం. గిరాకీ అడగకపోతే అతనే తేవడం మానేస్తాడు. కవర్ ఊరికే వస్తుందనుకోవద్దు, దాని పైసలు కూడా సరుకు ధరలోనే కలుస్తాయి.

బొంతపల్లి, గుమ్మడిదల వైపు కంపెనీల్లో పనిచేసే తమ్ముళ్ల ఇబ్బంది మాకు తెలుసు. షిఫ్ట్ దిగి రూముకు పోతూ దారిలో సరుకులు కొంటారు, చేతిలో సంచి ఉండదు. అందుకే ఒక సంచి మడిచి టిఫిన్ బ్యాగులో, ఇంకొకటి బండి డిక్కీలో ఎప్పుడూ ఉంచండి. దుకాణంలో అడుగు పెట్టగానే "అన్నా, సంచి ఉంది, కవర్ వద్దు" అనండి. తూకం అయ్యాక చెబితే అప్పటికే కవర్ చింపేసి ఉంటాడు. మాంసానికి, పెరుగుకు స్టీలు డబ్బా పట్టుకుపోండి.

సంచి కోసం పైసలు పెట్టకండి. గుడ్డలా కనిపించే రంగురంగుల షాపింగ్ సంచుల్లో చాలావరకు ప్లాస్టిక్ దారంతో చేసినవే. కొత్త నూలు సంచి తయారీకి కూడా నీళ్లు, కరెంటు బాగా ఖర్చవుతాయి. ఏళ్ల తరబడి వాడితేనే దానికి విలువ. బొంతపల్లి పేరులోనే బొంత ఉంది. పాత చీరలు పారేయకుండా పొరలు పేర్చి బొంత కుట్టుకున్న ఇళ్లు మనవి. అదే చీరలో ఒక ముక్క మిగిలితే సంచి అవుతుంది. కుట్టుమిషన్ ఉన్న చెల్లెళ్లు తలా పది కుట్టి ఇరుగుపొరుగుకు ఇవ్వండి. చేతి కుట్టు తెలిసిన యాడీల దగ్గర కూర్చుని అంచుకు రెండు అద్దాలు కుట్టించుకోండి. ఆ పని నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

వచ్చే అంగడికి మీ ఇంట్లో ఎవరు పోయినా చేతిలో సంచి ఉండాలి. తండా మొత్తం మారాలని ఎదురుచూడకండి, ముందు మీ ఇల్లు మొదలుపెట్టండి.

జై సేవాలాల్!