స్నాతకోత్సవ ప్రసంగం: కనిగిరి మనిషి, అమెరికా చరిత్ర

ఇరవయ్యో శతాబ్దపు అమెరికా చరిత్రను కల్పన లేకుండా కథలా రాయాలనుకునే తెలుగువారికి వస్తువు హనుమంతునిపాడు పక్కనే, కనిగిరిలో ఉంది. కనిగిరిలో 1890లో పుట్టిన దర్శి చెంచయ్య 1912లో పైచదువులకు కాలిఫోర్నియా వెళ్లారు. మరుసటి ఏడాది పసిఫిక్ తీరపు భారతీయ కూలీలు, విద్యార్థులు కలిసి బ్రిటిష్ పాలనకు వ్యతిరేకంగా స్థాపించిన గదర్ పార్టీలో చేరారు. 1913 నవంబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో గదర్ పత్రిక మొదట ఉర్దూలో వెలువడింది. ప్రధానంగా జపాన్ రైతులను భూమికి దూరం చేయడానికి కాలిఫోర్నియా చట్టం తెచ్చింది ఆ ఏడాదే. ఆసియావాళ్లంటే అక్కడ పెరుగుతున్న ద్వేషాన్ని చూపకుండా గదర్ కథ చెబితే సగం కథే అవుతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో చెంచయ్య పట్టుబడి జైలుపాలయ్యారు. తరువాత సంఘసంస్కరణకు అంకితమై, తన జీవితాన్ని 'నేను – నా దేశం'గా రాశారు.

ఆత్మకథ తొలి ఆధారమే గాని తుది ఆధారం కాదు. వయసు మళ్లాక చెప్పుకున్న జ్ఞాపకాన్ని ఆనాటి కాగితాలతో సరిచూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో గదర్ వారిపై 1917 నవంబరులో మొదలైన విచారణ 1918 ఏప్రిల్‌లో ముగిసింది. చివర్లో నిండు కోర్టులోనే గదర్ నాయకుడు రామచంద్రను సహనిందితుడు కాల్చి చంపాడు; ఆ కాల్చినవాణ్ని కూడా అధికారులు అక్కడే కాల్చేశారు. పాఠకుణ్ని కట్టిపడేసే ఘట్టమే. కానీ ఆ కోర్టులో చెంచయ్య లేరు. ఆయన్ను అక్కడ కూర్చోబెట్టి, కన్నీళ్లు పెట్టించి, నాలుగు మాటలు పలికిస్తే అది చరిత్ర కాదు.

పట్టాలు అందుకున్న పిల్లలకు అభినందనలు. వాళ్లను కాస్త కోప్పడవలసింది కూడా ఇక్కడే. ఫోనులో కనబడ్డ పేరాను సరిచూడకుండా ఎత్తిరాయడం, చనిపోయినవారి నోట తమ మాటలు పెట్టడం ఈ తరానికి మరీ తేలికైపోయింది. కాదనడానికి చెంచయ్య తిరిగి రారు కదా! ఆధారం లేనిచోట లేదని రాయడానికి సిగ్గెందుకు?

వెతకడానికీ తెలివి కావాలి. కనిగిరి 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. మార్కాపురం, గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లాలోవి. ఆనాటి కాగితాల్లో ప్రకాశం జిల్లా పేరు కోసం గాలిస్తే ఏమీ దొరకదు. బర్కిలీలోని బాంక్రాఫ్ట్ గ్రంథాలయం గదర్ పార్టీ పత్రాలను భద్రపరిచింది. ఆ పత్రాలనూ తెలుగు ఆత్మకథనూ పక్కపక్కన పెట్టి చదవగలిగే భాషాబలం కనిగిరి, హనుమంతునిపాడు పట్టభద్రులకు ఉంది.